తుపాకీ మడమకు లక్క పూత

కెనడాలోని సస్కటూన్‌లో మేం ముగ్గురు అమ్మాయిలం అద్దెకు దిగిన ఇంటి గ్యారేజీలోంచి మొదటి వారమే లక్క వాసన వచ్చింది. లక్క పొలుసుల్ని స్పిరిట్‌లో నానబెడితే వచ్చే ఘాటైన, కాస్త తియ్యటి వాసన. మా మేనమామకు జగిత్యాలలో ఫర్నిచర్ కొట్టు ఉండేది. వేసవి సెలవుల్లో వెళ్తే మంచం కోళ్ళకు, కుర్చీ చేతులకు గుడ్డ ఉండతో పాలిష్ పట్టే పని నాకే ఇచ్చేవాడు. అందుకే ఆ వాసన ఎక్కడొచ్చినా గుర్తుపడతాను. ఇంటాయన పాత కుర్చీలేవో బాగుచేసుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను.

అసలు సంగతి కనిపెట్టింది మాలో గుంటూరమ్మాయి. చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్ళి, సగం తెరిచి ఉన్న గ్యారేజీ తలుపులోంచి లోపలికి చూసి, బేస్‌మెంట్ మెట్లు గబగబా దిగి వచ్చింది.

“కుర్చీలు కాదే, తుపాకులు. గోడకి వరసగా పెట్టాడు. మనం ఇల్లు మారిపోవాలి,” అంది.

మారడానికి ఇల్లెక్కడుంది? ఆ ఏడు ఊరి నిండా మాలాంటి విద్యార్థులే. హాల్లో పరుపు వేసుకునే చోటు కోసం కూడా వాట్సాప్ గ్రూపుల్లో పోటీ పడుతున్నారు. మూడో అమ్మాయిది అనంతపురం. దేనికీ కంగారు పడే మనిషి కాదు. ఆయన్నే అడిగేస్తే పోలా అంది. ఆ సాయంత్రమే ముగ్గురం వెళ్ళి అడిగాం.

ఇంటాయన డెబ్బై దాటిన మనిషి. పొటాష్ గనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక మేడ మీద ఒక్కడే ఉంటూ బేస్‌మెంట్ విద్యార్థులకు ఇస్తున్నాడు. మా మొహాలు చూసి, అడగకముందే విషయం అర్థం చేసుకున్నట్టున్నాడు. లోపలికి పిలిచి ఓపిగ్గా అంతా చూపించాడు. అవన్నీ రష్యా సైన్యం ఒకప్పుడు వాడిన రైఫిళ్ళు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక వాటిని బాగుచేసి, గ్రీజు పట్టించి, చెక్కపెట్టెల్లో ఏళ్ళ తరబడి దాచారట. తర్వాత మిగులు సరుకుగా అమ్మేస్తే ఈ దేశానికి వచ్చాయి. ఇక్కడి గోధుమ రైతులు కొనుక్కుని, జింకల వేటకు బరువు తగ్గుతుందని ముందువైపు కర్ర కోసేసి, ఇష్టమొచ్చిన రంగులు పూసి వాడుకున్నారు. అలా పాడైన వాటిని వెతికి తెచ్చి మళ్ళీ పాత రూపానికి తేవడం ఆయన సరదా. తాళాలు, గొలుసులు, లైసెన్సు చూపించాడు. తూటాలు గ్యారేజీలో ఉండవని, ఇంట్లో వేరే తాళంలో ఉంటాయని చెప్పాడు. గుంటూరమ్మాయి శాంతించింది గానీ, ఆ తర్వాత కూడా గ్యారేజీ ముందు నుంచి కాక, ఇంటి చుట్టూ తిరిగి వచ్చేది.

ఆ రకం రైఫిల్‌ని మోసిన్ అంటారు. మొదటిసారి వినగానే నాకది తెలుగు మాటలా వినిపించింది. ఎవరో మోసిన తుపాకి. నేను ఆ రోజు ఏమీ అడగలేదు. నా చూపంతా రైఫిల్ వెనక భాగం మీదే ఉంది. భుజానికి ఆనించుకునే ఆ వెడల్పాటి చెక్కని మా వైపు తుపాకీ మడమ అంటారు. దాని చివర ఇనుప పట్టీ బిగించి ఉంటుంది.

మా బాపు లెక్కల టీచరు. బోర్డు మీద ఎడమ చేత్తో రాసేవాడు, అన్నం కుడిచేత్తో తినేవాడు. చిన్నప్పుడు నాకది వింతగా తోచలేదు, నాన్నలందరూ అలాగే ఉంటారనుకున్నాను. కొంచెం పెద్దయ్యాక అమ్మ ఒక్క మాటలో చెప్పింది. నేను పుట్టకముందు, అడవి పక్క ఊళ్ళో పనిచేసేటప్పుడు, పోలీసులు తుపాకీ మడమతో కొడితే కుడి జబ్బ విరిగిందట. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. అంతకుమించి అమ్మ చెప్పలేదు, బాపు అసలే చెప్పలేదు. మా ఇంట్లో ఎవరూ ఎత్తని విషయం అది.

చలి మొదలవుతున్న రోజుల్లో, బేస్‌మెంట్ హీటర్ పనిచేయడం లేదని చెప్పడానికి గ్యారేజీకి వెళ్ళాను. ఆయన బల్ల మీద పొడవాటి కర్ర ఒకటి ఉంది. ఎవరో రైతు కోసేసిన కర్రకు, విరిగిపోయిన ఇంకో తుపాకీ కర్రలోంచి తీసిన ముక్క అతికించాడు. అతుకు ఎంత నాజూగ్గా ఉందంటే వేలితో తడిమినా తెలియదు. కానీ పాత కర్ర తేనె రంగులో ఉంటే కొత్త ముక్క కుంకుమలా ఎర్రగా ఉంది. నోరు ఊరుకోక, రంగు కలవలేదన్నాను.

ఆయన దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“రెండూ ఒకటేగా,” అన్నాడు.

“కాదండీ. ఇది బాగా ఎరుపు.”

ఆయన కర్రను తిరిగి బల్ల మీద పెట్టేశాడు. తర్వాత గోడకున్న వాటిని చూపించి, వీటిలో రంగు తేడా ఉన్నవి ఏవో చెప్పమన్నాడు. చెప్పాను. నేను వేలు చూపినవన్నీ ఆయన ఈమధ్య కొన్నేళ్ళలో చేసినవే. కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ వారమే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు.

మొదటి కంటికి ఆపరేషన్ అయిన మర్నాడు నన్ను గ్యారేజీకి పిలిచాడు. ఒక కన్ను మూసి చూసి, అది తెరిచి ఇంకో కన్ను మూసి, మళ్ళీ చూసి, చిన్నగా నవ్వడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ తేనె రంగనుకుని టొమాటో రంగు పూశానే అన్నాడు. ఆ నవ్వులో కొంత బాధ కూడా ఉంది. వాటిలో కొన్ని ఎవరెవరికో అమ్మేశాడు, వాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు.

కొన్నాళ్ళు వంగకూడదు, బరువులెత్తకూడదు, కంట్లో దుమ్ము పడకూడదు అన్నారు డాక్టర్లు. అతికించిన ఆ కర్ర అలాగే ఉండిపోయింది. నా మేనమామ కొట్టు సంగతి అప్పటికే చెప్పి ఉన్నాను కాబట్టి, దాని రంగు నువ్వు సరిచేస్తావా అని అడిగాడు. ఇనుము విప్పేస్తే కర్ర ఒట్టి కర్రేనట, దాన్ని ముట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదట. ఇనుప భాగాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాడు.

వెంటనే ఒప్పుకోలేకపోయాను. క్లాసులో కూర్చున్నా, సాయంత్రం కిరాణా స్టోర్‌లో సామాను సర్దుతున్నా అదే ఆలోచన. ఆ మడమను నా చేతుల్తో నున్నగా తుడవడం ఎలా ఉంటుంది? చివరికి ఒప్పుకున్నాను. ఎందుకంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. లక్క వాసన ఒక కారణం. ఇంటికి దూరంగా వచ్చాక చేతులకు తెలిసిన పని ఒక్కటీ లేకపోవడం ఇంకో కారణం. దాన్ని దగ్గరగా చూడాలని కూడా ఉండిందేమో.

ఆ చలికాలమంతా ఆదివారాలు గ్యారేజీలోనే గడిచాయి. ఆయన, మొదట్లో కంటికి కవచంతో, కుర్చీలో కూర్చునేవాడు, నేను బల్ల దగ్గర నిలబడేదాన్ని. ముందు ఆ ఎర్రరంగును స్పిరిట్‌తో కడిగేశాం. కర్ర రంధ్రాల్లో ఇంకా పాత గ్రీజు ఉంది. వేడి తగిలిన ప్రతిసారీ చెమట పట్టినట్టు గోధుమరంగు చుక్కలు పైకి తేలేవి. తుడిస్తే మళ్ళీ వచ్చేవి. సొట్టలు పడ్డచోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి చెక్క ఉబ్బి సొట్ట నిండుతుంది. అది చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది.

మా ఇద్దరికీ తగవు పడింది ఒక్క విషయం మీదే. నేను మామయ్య నేర్పినట్టు ఉప్పుకాగితం పెట్టి అద్దంలా చేయబోతే ఆయన పెద్దగా ‘ఆగు’ అన్నాడు. చెక్క మీద ఆనవాలుగా చిన్న చిన్న ముద్రలు గుద్ది ఉన్నాయి. ఎప్పుడో రష్యాలో ఎవరో చెక్క పరీక్షించి వేసిన ముద్రలు. ఉప్పుకాగితం పెడితే అవి పోతాయి. పాడైన చోటు మాత్రం బాగుచెయ్యి, మిగతాది ముట్టుకోవద్దన్నాడు. ఆ అలవాటు నాకు పట్టుబడటానికి చాలా వారాలు పట్టింది. పని బాగా చేయాలనే ఆత్రం ఎక్కడ ఆపాలో చేతులకు ఒక పట్టాన తెలియదు.

మడమ పక్కన లోతైన గాటు ఒకటి ఉంది. ఇది ఎలా పడి ఉంటుందని అడిగాను. సిపాయిలు ఈ మడమతో పెట్టెలు పగలగొట్టేవాళ్ళు, డేరా మేకులు దిగ్గొట్టేవాళ్ళు అన్నాడు. ఆగి, మనుషుల్ని కూడా కొట్టేవాళ్ళు అన్నాడు. దాచలేదు, సర్దిచెప్పలేదు. ఆ గాటు మీద నేను ఇస్త్రీపెట్టె పెట్టలేదు. ఎందుకు వదిలేశావని ఆయన అడగలేదు.

ఆయనకు చెల్లెలు ఉంది. ఊరికి ఉత్తరాన ఒక పల్లెలో ఉంటుంది. క్రిస్మస్‌కి పండ్ల రొట్టె కాల్చి తెచ్చింది. వంటింట్లో కూర్చుని మా ముగ్గురికీ పెట్టింది గానీ, అన్నయ్య ఎంత పిలిచినా గ్యారేజీలోకి రాలేదు. వాళ్ళ పూర్వీకులు రష్యా నుంచి వచ్చినవాళ్ళు, యుద్ధం పాపమని నమ్మే మతశాఖ వాళ్ళు. అక్కడ ఉన్నప్పుడు తమ దగ్గరున్న తుపాకులన్నీ ఒకచోట కుప్పపోసి, పాటలు పాడుకుంటూ తగలబెట్టారట. దానికి శిక్షగా సైనికులు వచ్చి కొరడాలతో కొట్టారట. ఆ తర్వాతే ఓడలెక్కి ఈ మైదానాలకు వచ్చేశారు.

చెల్లెలు నాతో చెప్పింది, “మా నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల. మర్నాడు బూడిద దగ్గరికి వెళ్ళి చూసిందట. కర్రంతా కాలిపోయి ఇనుము మిగిలిందని చెప్పేది. నువ్వేమో కర్ర బాగుచేస్తున్నావు.”

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట అన్నట్టే అంది. ఆవిడ వెళ్ళాక, మరి మీరెందుకు చేస్తున్నారని ఆయన్ని అడిగాను. ఏదో పెద్ద కారణం చెప్తాడనుకున్నాను. కుర్రాడిగా ఉన్నప్పుడు ఊళ్ళో అంగడిలో ఈ రైఫిళ్ళని పీపాలో నిలబెట్టి అమ్ముతుంటే చవగ్గా వచ్చిందని ఒకటి కొన్నాడట. విప్పి చూస్తే చేసిన తీరు నచ్చిందట. ఇంట్లో గొడవయిందట. అంతే చెప్పాడు. ఆ జవాబు నాకు చాలలేదు. ఆయనకూ చాలినట్టు లేదు.

ఆదివారం పొద్దున నాకు తీరిక, బాపుకి అప్పుడు సాయంత్రం. ఒకసారి ఫోన్లో ఈ పని సంగతి చెప్పాను. ఏం కర్ర అని అడిగాడు. మన వైపు దొరకదు, భూర్జం లాంటి చెట్టుదన్నాను. మడమకు ఇనుప పట్టీ ఉందా అన్నాడు. ఉందన్నాను. “మంచిగ చెయ్యి బిడ్డా,” అని, నా చదువెలా సాగుతోందో అడగడం మొదలుపెట్టాడు. తప్పు చేశానా అని ఆ రోజంతా మథనపడ్డాను. మళ్ళీ ఎత్తే ధైర్యం రాలేదు.

చదువు పూర్తయి, పట్టా ఇచ్చే రోజుకి బాపు వచ్చాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అంత ప్రయాణం చేయలేనంది. మా బేస్‌మెంట్లోనే మంచం సర్దాం. గుంటూరమ్మాయి తన గది ఆయనకిచ్చి, తాను అనంతపురమమ్మాయి గదిలోకి మారింది. బాపు వచ్చిన రెండో రోజు ఇంటాయన మమ్మల్నిద్దర్నీ టీకి పిలిచాడు. వంటింట్లోకి అనుకున్నాను, గ్యారేజీలోకి తీసుకెళ్ళాడు. బాపు జబ్బ సంగతి ఆయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. అందుకని ఆయన సంబరంగా బీరువా తెరిచి, అతుకు వేసిన ఆ రైఫిల్ తీసి, ఖాళీగా ఉందని చూసుకుని, బల్ల మీద పరిచిన దుప్పటి మీద పెట్టాడు. ఇది మీ అమ్మాయి చేసిన పని అన్నాడు.

బాపు కళ్ళజోడు సరిచేసుకుని, జవాబు పత్రాలు దిద్దేటప్పుడు వంగినట్టు వంగి, ఎడమచేత్తో కర్ర పొడవునా తడిమాడు. అతుకు ఎక్కడుందో కనుక్కోలేకపోయాడు. అలా తడుముతూ మడమ దాకా వచ్చి, ఇనుప పట్టీ మీద వేలితో తట్టాడు. ఎంత బరువుంటుందని ఇంగ్లీషులో అడిగాడు. నాలుగు కిలోల పైమాటే అన్నాడాయన.

“ఇలాంటిదే ఒకటి నా భుజం విరగ్గొట్టింది,” అన్నాడు బాపు, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో.

ఇంటాయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. “లోపల పెట్టేయనా?” అని అడిగాడాయన.

“వద్దు. ఉండనివ్వండి. పని బాగుంది.”

ఆ తర్వాత బాపు ఆయనకు అంతా చెప్పాడు. నాకు ఒక్కసారి కూడా చెప్పనిది, కొత్త మనిషికి, పరాయి భాషలో, బడి ఇంగ్లీషులో, ఒక్కో వాక్యం కూర్చుకుంటూ చెప్పాడు. బడి ఆవరణలో ముందురోజు అన్నలు, అదే నక్సలైట్లు, మీటింగు పెట్టారట. మర్నాడు పోలీసులు దిగి, మధ్యాహ్నం సైకిల్ మీద ఇంటికెళ్తున్న బాపుని ఆపారు. ఎవరెవరు వచ్చారని అడిగితే తెలియదన్నాడు. తెలుసు, అయినా తెలియదన్నాడు. అధికారి పక్కనున్న కానిస్టేబుల్‌తో ‘అడుగు’ అన్నాడు. ఆ కానిస్టేబుల్ మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. అడగడమంటే ఏమిటో తెలియక కొట్టాడు. దెబ్బ తగిలినప్పుడు చప్పుడు తన లోపల్నుంచే వినిపించిందన్నాడు బాపు. తర్వాత ఆ కుర్రాడే తువాలుతో చెయ్యి మెడకు కట్టి, సైకిల్ నడిపించుకుంటూ ఇంటి దాకా తెచ్చి దింపాడట.

టీ చల్లారిపోయింది. ఇంటాయన లేచి మళ్ళీ వేడి చేసి తెచ్చాడు. తన నాయనమ్మ వాళ్ళ మంట సంగతి అప్పుడు బాపుకి చెప్పాడు. ఇద్దరూ కాసేపు కొరడాల గురించి, ఎముకలు ఎన్నాళ్ళకు అతుకుతాయనే దాని గురించి మాట్లాడుకున్నారు. గనిలో తన మోచెయ్యి ఎలా విరిగిందో కూడా ఆయన చూపించాడు. నేను వింటూ కూర్చున్నాను. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. ఇంతకాలం ఈ మాటలు ఇంట్లో ఎందుకు లేకపోయాయన్న దిగులు మాత్రం వచ్చింది.

మర్నాడు పొద్దున బాపుని నది ఒడ్డుకి తీసుకెళ్ళాను. ఆనకట్ట దగ్గర తెల్లటి గూడబాతులు బారులుగా కూర్చుని ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నాక, నాకెందుకు చెప్పలేదని అడిగేశాను.

“చెప్తే నీకు కోపమొస్తుండె. గా కోపాన్ని నువ్వెందుకు మొయ్యాలె అనుకున్న,” అన్నాడు. గూడబాతుల వైపు చూస్తూ మళ్ళీ అందుకున్నాడు, “నిన్న ఆయినకు చెప్పనిది ఒకటున్నది. గా పోరడు తర్వాత మనింటికి వచ్చిండు. పదో తరగతి కూడ పాస్ గాలే. పరీక్షకు కట్టిన సార్, లెక్కలు చెప్తవా అనడిగిండు.”

“నువ్వేమన్నవ్?”

“చెప్పిన. పోలీసు క్యాంపు లేసేదాక రోజు సాయంత్రం వచ్చేటోడు. నా కట్టు ఇంక ఇప్పలే. ఎడమచేత్తోటి రాసుడు గప్పుడే అలవాటయ్యింది, వానికి చెప్పుకుంటనే.”

“వాడు తప్పయిందని అన్నడా?”

“అనలే. నేనడగలే.”

నేనైతే తలుపు తీసేదాన్ని కాదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాటే బాపుతో అన్నాను. “నువ్వు తియ్యకపోదువు, అదీ మంచిదే,” అన్నాడు. “నేను సార్ను గద బిడ్డా, అడిగినోనికి చెప్పుడే అలవాటు.”

“మరి పాసయిండా?”

“లెక్కల పాసయిండు. ఇంగ్లీషుల పోయింది,” అన్నాడు బాపు, ఇంకా కొంచెం బాధ మిగిలే ఉన్నట్టు.

ఆ ఎండాకాలం చివర నాకు హామిల్టన్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ఇంటాయన ఆ రైఫిల్ నువ్వే ఉంచుకో, లైసెన్సుకి నేనే దగ్గరుండి అప్లై చేయిస్తానన్నాడు. వద్దన్నాను. అది నా చేతి పనే, దాని మీద ఇష్టం కూడా ఉంది. అయినా తుపాకీని ఇంట్లో పెట్టుకోవాలని లేదు. ఆయన నొచ్చుకోలేదు. రెండో కంటి ఆపరేషన్ కూడా అయ్యాక, ఎర్రగా పూసినవాటిలో ఇంకా తన దగ్గరున్నవి ఒక్కొక్కటే కడిగి మళ్ళీ పూస్తున్నాడు. అప్పుడప్పుడు ఫోటోలు పంపి, రంగు సరిపోయిందా అని అడుగుతాడు. ఎక్కువసార్లు సరిపోతుంది.

బాపు ఇప్పుడు ఫోన్లో ఆ ఊరి సంగతులు మధ్యమధ్యలో వాటంతటవే చెప్తుంటాడు. మొన్న ఆ కానిస్టేబుల్ కుర్రాడు పాటలు బాగా పాడేవాడని చెప్పాడు. ఏం పాటలని అడిగితే ఒకటి ఎత్తుకున్నాడు. రెండో చరణం దగ్గర మాటలు గుర్తురాక, నీకేమన్నా వచ్చునా అంటూ ఫోన్ అమ్మకిచ్చాడు. అమ్మ మిగతాది పాడింది.